సొంత కణాలతో మోకాలి మృదులాస్థి మరమ్మతు: ఎవరికి, ఎప్పుడు

సభాధ్యక్షులకు, ఈ ఉపన్యాసాన్ని ఏర్పాటు చేసిన మిత్రులకు, ఓపికగా కూర్చున్న మీ అందరికీ నమస్కారాలు. పరిచయం చేసిన పెద్దలు నా గురించి కావలసినదానికంటే ఎక్కువే చెప్పారు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. ప్రయోగశాలలో పెంచిన మృదులాస్థి నిన్న, నేడు, రేపు ఎలా ఉందో చెప్పమని నన్ను పిలిచారు. నిన్నటి సంగతి చెబుతాను, నేటి సంగతి చెబుతాను. రేపటికి సమయం మిగులుతుందని మాత్రం హామీ ఇవ్వలేను, ఎందుకంటే నేటి పరిస్థితి మీద నాకొక ఫిర్యాదు ఉంది.

మోకాలిలో ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నని తెల్లని పొరే మృదులాస్థి. మనలో చాలామంది దీన్నే గుజ్జు అంటుంటారు. అది కొద్ది మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. దానిలో సగానికి మించి నీరే. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. చర్మం తెగితే రక్తం గడ్డకట్టి, మరమ్మతు కణాలు అక్కడికి చేరి గాయం మానుతుంది. మృదులాస్థికి ఆ దారే లేదు. దానిలోని కణాలు చాలా తక్కువ, అవి కూడా తాము తయారుచేసుకున్న గట్టి పదార్థంలోనే బందీలుగా ఉంటాయి. నడిచినప్పుడు కీలు మీద బరువు పడి, లేచి, కీలులోని ద్రవం ద్వారా అందే పోషణతోనే అవి బతుకుతాయి. ఒకసారి దెబ్బతిన్న మృదులాస్థి తిరిగి కోలుకోదని విలియం హంటర్ 1743లోనే లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో రాశాడు. రెండు శతాబ్దాలకు పైగా ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవారు లేరు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో లార్స్ పీటర్సన్, మాట్స్ బ్రిట్‌బర్గ్, ఆండర్స్ లిండాల్ బృందం చేసిన పని ఆ పరిస్థితిని కదిలించింది. కుందేళ్ల మీద ప్రయోగాలు జరిగిన తరువాత 1987లో రోగి సొంత మృదులాస్థి కణాలను పెంచి గుంటలో అమర్చే ఈ శస్త్రచికిత్సను మొదటి రోగికి చేశారు. పద్ధతి రెండు దశల్లో సాగుతుంది. మొదట చిన్న రంధ్రం గుండా, కీలులో బరువు అంతగా పడని చోటు నుంచి రెండు మూడు వందల మిల్లీగ్రాముల మృదులాస్థిని తీస్తారు. ప్రయోగశాలలో ఎంజైములతో కణాలను విడదీసి, కొన్ని వారాల పాటు పెంచి, లక్షల్లో ఉన్నవాటిని కోట్లకు చేరుస్తారు. తరువాత రెండో శస్త్రచికిత్సలో మోకాలు తెరిచి, గుంట అంచులను ఆరోగ్యకరమైన మృదులాస్థి తగిలేవరకు శుభ్రం చేసి, ఆ కణాలను గుంటలో ఉంచుతారు. తొలినాళ్లలో ఎముక మీది పలుచని పొరను ముక్కగా కోసి మూతలా కుట్టి, దాని కింద కణాల ద్రవాన్ని పోసేవారు. ఆ మూత కొన్నిసార్లు అతిగా పెరిగి మరో శస్త్రచికిత్సకు దారితీసేది. అందుకే దాని స్థానంలో కొల్లాజెన్ అనే ప్రోటీనుతో చేసిన పొర వచ్చింది. ఇప్పటి పద్ధతిలో కణాలను ముందుగానే ఆ పొరకు పట్టించి, గుంట ఆకారానికి కత్తిరించి, జిగురుతో అతికిస్తారు. అలాంటి చికిత్స ఒకటి, మేసీ అనేది, 2016 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందింది.

ప్రయోగశాల పని వినడానికి తేలికగా ఉంటుంది కాని, దానిలో ఒక చిక్కు ఉంది. గిన్నెలో పలుచగా పరిచి పెంచినకొద్దీ ఈ కణాలు తమ స్వభావం మరచిపోయి, మృదులాస్థికి అవసరమైన రెండో రకం కొల్లాజెన్‌కు బదులు మచ్చల్లో కనిపించే మొదటి రకం కొల్లాజెన్‌ను తయారుచేయడం మొదలుపెడతాయి. తగిన ఆధారంలో మూడు దిశలా చోటు దొరికితే పాత స్వభావం చాలావరకు తిరిగి వస్తుంది. కణాల సంఖ్యను పెంచడం కంటే వాటి స్వభావాన్ని నిలబెట్టడమే కష్టమని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు.

గోథెన్‌బర్గ్ బృందం 1994లో 23 మంది రోగుల ఫలితాలను ప్రచురించింది. తొడ ఎముక చివరన గుంట ఉన్న 16 మందిలో 14 మందికి రెండేళ్ల తరువాత మంచి లేదా చాలా మంచి ఫలితం వచ్చింది. మోకాటి చిప్ప వెనుక గుంట ఉన్న ఏడుగురిలో ఇద్దరికి మాత్రమే అటువంటి ఫలితం దక్కింది. ఒకే బృందం, ఒకే పద్ధతి. కాని గుంట ఉన్న చోటు మారగానే ఫలితం తారుమారైంది. ప్రపంచం మొదటి సంఖ్యను పట్టుకుని సంబరపడింది. రోగిని సరిగ్గా ఎంచుకోకపోతే కణాలు చేయగలిగింది కొద్దేనని రెండో సంఖ్య అప్పుడే చెప్పింది, మనం వినిపించుకోలేదు.

ఇక నా ఫిర్యాదు. కొంతకాలం కిందట ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చారు. రెండు కాళ్లూ విల్లులా వంగి ఉన్నాయి, ఎక్స్‌రేలో ఎముకకూ ఎముకకూ మధ్య ఖాళీ లేదు. ఆయన నొప్పి గురించి కూడా చెప్పకుండా, “కణాలు పట్టాయేమో చూడండి డాక్టరుగారూ” అన్నారు. విచారిస్తే తేలిన సంగతి ఇది. ఒక క్లినిక్‌లో ఆయన పొట్ట నుంచి కొవ్వు తీసి, దాన్ని అప్పటికప్పుడు ఏదో యంత్రంలో తిప్పి, అదే పూట రెండు మోకాళ్లలోకీ ఎక్కించి, మీ సొంత కణాలతోనే గుజ్జు మళ్లీ పెరుగుతుందని చెప్పి పంపారు. ఆ మాట నమ్మి ఆయన చేయించుకోవలసిన కీలు మార్పిడిని వాయిదా వేసుకుంటూ వచ్చారు. ఈలోగా తొడ కండరాలు సన్నబడిపోయాయి.

అయ్యా, అమ్మా, ఈ తేడాను దయచేసి గమనించండి. కొవ్వులోని కణాలూ ఆయన సొంతవే. కాని అవి మృదులాస్థి కణాలు కావు, వారాల పాటు పెంచినవి కావు, ఏ గుంటలోనూ కుదిరించినవీ కావు. ఒక్క పూటలో ముగిసిపోయినది ఏదైనా, నేను ఇంతసేపూ వివరించిన చికిత్స మాత్రం కాదు. అరిగిపోయిన కీలులో సూదిమందుతో మృదులాస్థి పొర తిరిగి పెరుగుతుందనడానికి నిరూపణ ఇప్పటివరకు లేదు. మాసిక వేయాలన్నా చుట్టూ గట్టి బట్ట ఉండాలి కదా. బట్టంతా పీలికలైన చోట ఎంత మంచి ముక్క తెచ్చినా కుట్టు ఎక్కడ నిలుస్తుంది?

అందుకే ఈ చికిత్స ఎవరికన్నది ముఖ్యం. బ్రిటన్‌లో చికిత్సల విలువను తూచే నైస్ సంస్థ 2017లో దీన్ని సిఫారసు చేస్తూ షరతులు పెట్టింది: గుంట రెండు చదరపు సెంటీమీటర్లకు మించి ఉండాలి, కీలువాతపు అరుగుదల చాలా స్వల్పంగా ఉండాలి, మృదులాస్థి మరమ్మతు శస్త్రచికిత్స అంతకుముందు జరిగి ఉండకూడదు. ఆటలో దెబ్బ తగిలి ఒకచోట గుంట పడిన యువకులకు ఇది సరిపోతుంది. వారికైనా కాలు వంకర ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, ఎముకలను కలిపి పట్టే స్నాయువు తెగి ఉంటే దాన్ని కూడా బాగుచేయాలి. లేకపోతే కొత్త పొర మీద అదే తప్పుడు బరువు పడుతుంది.

చిన్న గుంటలకు మరో మార్గం ఉంది. గుంట అడుగున ఎముకకు సన్నని రంధ్రాలు చేసి, మజ్జ నుంచి వచ్చే రక్తంతో పొర ఏర్పడేలా చేస్తారు. అది ఒకే శస్త్రచికిత్స, ఖర్చూ తక్కువ. కాని అక్కడ ఏర్పడేది ఎక్కువగా నారలాంటి మృదులాస్థి. నార్వేలో 80 మంది రోగులతో ఈ రెండు పద్ధతులనూ పోల్చి 2004లో వెలువరించిన ఫలితాల్లో, రెండేళ్లకు కణాల పద్ధతి ఆధిక్యం కనబడలేదు. మూడు చదరపు సెంటీమీటర్లు, అంతకు మించిన గుంటలున్న 144 మంది మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, కణాలు పట్టించిన పొర నొప్పిలోనూ కదలికలోనూ మెరుగని తేలింది. అయితే స్కానింగుల్లో, తీసి చూసిన ముక్కల్లో ఇరువర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. చిన్న గుంటకు కణాల చికిత్స చేయించుకోమని తొందరపెట్టేవారిని ఈ ఫలితాల గురించి మీరే అడగండి.

శస్త్రచికిత్స అయిన తరువాతి సంవత్సరం గురించి ఎవరూ సభలు పెట్టరు. కొత్త కణాలు తమ చుట్టూ గట్టి పదార్థాన్ని నేసుకోవడానికి నెలలు పడుతుంది. తొలి ఆరు నుంచి ఎనిమిది వారాలు పూర్తి బరువు వేయకూడదు. కాని కదలిక ఆపకూడదు, ఎందుకంటే కదలికే వాటికి తిండి. పరుగులూ గెంతులూ ఉండే ఆటలకు ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర ఆగాలి. మూడో నెలలో నొప్పి తగ్గిపోతుంది, రోగి బాగైపోయాననుకుంటాడు, వ్యాయామం చేయించేవారి దగ్గరకు రావడం మానేస్తాడు. ప్రయోగశాలలో వారాల కొద్దీ జాగ్రత్తగా పెంచిన కణాలు లేతగా ఉండగానే అలా చితికిపోతాయి. ఇక్కడున్న యువ వైద్యులకు నా మనవి ఇది: ఆ ఏడాదికి సిద్ధంగా లేని రోగికి మొదటి ముక్క కూడా తీయకండి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు కనుక రేపటి సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ముక్కు దూలం నుంచి తీసిన మృదులాస్థి కణాలను పెంచి, వాటితో చేసిన పొరను పదిమంది రోగుల మోకాళ్లలో అమర్చి, ఆ అనుభవాన్ని 2016లో ప్రచురించారు. ముక్కు కణాలు మోకాలి కణాలకంటే చురుకుగా పెరుగుతాయి, పైగా వాటికోసం మోకాలిని ముందుగా తెరవనక్కరలేదు. అది ప్రధానంగా భద్రతను చూసిన తొలి ప్రయత్నం. దాని మీద ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.