బంతిలో కూర అడిగితే సణుగుడేనా?

యాంకర్: చీమకుర్తి నుంచి ఒక సంఘ కార్యదర్శి లైన్‌లో ఉన్నారు. చెప్పండి బ్రదర్.

కాలర్: వందనాలు అయ్యగారూ. మొన్న చర్చిలో ప్రేమవిందు పెట్టాం. క్వారీ పనులకని వచ్చి కాలనీలో ఉంటున్న కుటుంబాలు ఆఖరి బంతికి కూర్చున్నాయి, అప్పటికి కూర అయిపోయి రసంతో సరిపెట్టాం. ఒకామె "ప్రతిసారీ మాకే ఇట్టా అవుద్ది" అంది. మా సంఘపెద్ద అందరి ముందూ "నిన్నగాక మొన్న వచ్చారు, తిండి కాడ సణుగుడేంది" అనేశాడు. అప్పట్నుంచి ఆ ఇళ్లవాళ్లు ఆరాధనకి రావట్లేదు. ఆయనేమో చర్చికి స్థలం ఇచ్చిన మనిషి, ఏమనగలం? ప్రార్థనలో పెడుతున్నాం.

పాస్టర్ గారు: ప్రార్థన చెయ్యండి, కానీ ఆ పేరుతో పని వాయిదా వెయ్యొద్దు తమ్ముడూ. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తియ్యి. యెరూషలేములో ఇదే గొడవ! గ్రీకు మాట్లాడే యూదుల విధవరాళ్లను రోజూ వడ్డించే దగ్గర చిన్నచూపు చూస్తున్నారని. అపొస్తలులు తిండి కోసం గొడవేంటని గదమలేదు, అందరినీ పిలిచి మీలో ఏడుగురిని ఎంచుకోండి అన్నారు. ఆ పేర్లు చదువు, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... అన్నీ గ్రీకు పేర్లే, నీకొలాసు అయితే అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో కలిసినవాడు. బాధపడ్డ వైపు వాళ్ల చేతికే గరిటె వచ్చిందన్నమాట, నాకు అక్కడ అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కాలర్: అంటే వడ్డన కమిటీలో కాలనీవాళ్లని...

పాస్టర్ గారు: పెట్టండి, ఆ అడిగినామెనే ముందు అడగండి. సరుకుల చిట్టా, ఖర్చుల లెక్క కూడా వాళ్ల చేతికివ్వండి, గిన్నెలు తోమే పని ఒక్కటే అప్పజెప్పి కమిటీలోకి తీసుకున్నామంటే కుదరదు.

కాలర్: మరి పెద్దాయన సంగతి? మా పాస్టర్ గారు ప్రసంగంలో అన్యాపదేశంగా చెప్తానంటున్నారు.

పాస్టర్ గారు: వద్దు, వద్దు. మత్తయి 18లో వరస ఉంది. ముందు మీరిద్దరే మాట్లాడుకోవాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి, ఆ తర్వాతే సంఘం. 1878లో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన ఒంగోలు వైపు గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ రోజు వాళ్లంతా కొత్తవాళ్లేనని ఆయనకి గుర్తుచెయ్యి. స్థలం ఇచ్చినందుకు గౌరవం ఇస్తూనే చెప్పు. మాట పదిమందిలో అన్నాడు కాబట్టి తప్పయిందని కూడా పదిమందిలోనే అనాలి.

కాలర్: ససేమిరా అంటే?

పాస్టర్ గారు: ఆయన సంగతి తేలేదాకా ఆగకుండా నువ్వు కాలనీకి వెళ్లు. వెళ్లీవెళ్లగానే చర్చికి రమ్మనకుండా, ఆ రోజు ఏం జరిగిందో వాళ్లని చెప్పనివ్వు.

కాలర్: ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్తానయ్యగారూ.

పాస్టర్ గారు: ఆదివారం దాకా ఎందుకు? రేపే వెళ్లు, వాళ్లు క్వారీ పని దిగి ఇంటికొచ్చే వేళకి.