మెదడులో ముందు కూలేది కావలి కణమే!

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. వంశపారంపర్యంగా వచ్చే కొన్ని మెదడు జబ్బుల్లో ముందుగా చితికిపోయేది నరాల కణం కాదు, దానికి కాపలా కాసే మైక్రోగ్లియా కణం. అల్జీమర్స్ తొలి దశలో ఉన్నవారికి ఈ కావలి కణం మీద ఉండి దాన్ని పనికి కదిలించే ట్రెమ్‌2 అనే గ్రాహకాన్ని ఉత్తేజపరిచే యాంటీబాడీ మందు ఇచ్చి చూశారు. 2024 నవంబరులో ఆ రెండో దశ పరీక్ష విఫలమైందని ప్రకటించగానే, కావలి కణం సిద్ధాంతమే తప్పని చాలామంది తీర్పు చెప్పేశారు. ఆ తీర్పును నేను ఒప్పుకోను. మందు ఆలస్యంగా అందిందని నా వాదన.

విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉన్నవారికి ఈ సంగతి చెప్పనక్కర లేదు. పగలు చెరువు నిక్షేపంగా ఉంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటిన సమయంలో కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిందంటే, రొయ్యలు మీసాలు పైకి పెట్టి గట్టు వెంబడి తేలతాయి. అవన్నీ చచ్చాక జనరేటర్ తెచ్చి, ఏరియేటర్ పనికిరాదని తిట్టడం న్యాయమా?

ట్రెమ్‌2 లోపించిన మైక్రోగ్లియా కథ కూడా అంతే. మామూలు రోజుల్లో అది పెద్దగా తేడా చూపదు. అల్జీమర్స్‌లో కనిపించే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలు మెదడులో పేరుకుని పని భారం పెరిగినప్పుడు మాత్రం దానికి శక్తి చాలదు, తనలోని పదార్థాన్ని తానే తినడం మొదలుపెడుతుంది. 2017లో ఎలుకల్లో దీన్ని స్పష్టంగా చూపించారు. శక్తిని నిలిపే సైక్లోక్రియేటిన్‌ను ఆహారంతో ఇచ్చినప్పుడు ఆ కణాలు చాలావరకు తేరుకున్నాయి. ఇది ఎలుకల ఫలితమే కనుక ఎవరూ మందుల షాపుకు పరుగెత్తవద్దు. కానీ ఆకలితో ఒరిగిపోతున్న కణాన్ని మెదడులో వాపు, మంట (ఇన్‌ఫ్లమేషన్) పెట్టే దోషిగా మాత్రమే చూపించి, అణచివేయడమే వైద్యమంటుంటే నాకు కడుపు మండుతుంది.

ట్రెమ్‌2 జన్యువు ఒక ప్రతిలో ఆర్47హెచ్ అనే మార్పు ఉంటే అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లవుతుందని 2013లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ పూర్తిగా చెడితే నాసు-హకోలా జబ్బు వస్తుంది. జపాన్, ఫిన్లాండ్ దేశాల్లో మొదట గుర్తించిన ఈ జబ్బు చాలా అరుదు. అయినా మేనరికాలు ఇంకా జరుగుతున్న మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి రెండు ప్రతుల జబ్బులను ‘మనకెందుకులే’ అని వదిలేయడం నాకు నచ్చదు.

ఈ జబ్బు మెదడుకన్నా ముందు ఎముకలో బయటపడుతుంది. ఎముకను అరగదీసే ఆస్టియోక్లాస్టులు మైక్రోగ్లియాకు దాయాదుల వంటివి, వాటికీ ఇదే ట్రెమ్‌2 కావాలి. పాతికేళ్ల వయసులో కాలు కాస్త మెలికపడితేనే చీలమండ విరుగుతుంది, ఎక్స్‌రేలో ఎముక లోపల తిత్తులు కనిపిస్తాయి; మనిషి స్వభావం మారి మతిమరుపు మొదలయ్యేసరికి సాధారణంగా మరో పదేళ్లు గడుస్తాయి. మందు వేళకు అందించడానికి నేను అడుగుతున్న గడువు ఆ పదేళ్లే.