ఇంటి వీడియో మీద లోగో: వెనక తెల్ల డబ్బా కనిపించకుండా

[దృశ్యం: పాప మొదటి అడుగులు వేస్తోంది. కింద కుడి మూలలో లోగో, దాని చుట్టూ తెల్లటి చతురస్రం.]

నమస్కారం. ఆ మూల ఒక్కసారి చూడండి. లోగో బాగానే ఉంది, కానీ వెనక తెల్ల కాగితం ముక్క అతికించినట్టు లేదూ? పాప అడుగులు చూడాల్సిన కళ్ళు ఆ ముక్క మీదికి పోతున్నాయి.

తప్పు ఎడిటర్‌ది కాదు, ఫైల్‌ది. అది జేపెగ్. జేపెగ్‌లో ప్రతి పిక్సెల్‌కీ రంగు మాత్రమే ఉంటుంది. "ఇక్కడ ఏమీ లేదు, వెనకున్నది కనిపించనివ్వు" అని చెప్పడానికి అందులో చోటు లేదు. పీఎన్‌జీలో ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల పక్కన నాలుగోది, ఆల్ఫా. మామూలుగా ఇది 0 నుంచి 255 వరకు ఉంటుంది. 0 అంటే కిటికీ గాజు, 255 అంటే గోడ. ఫైల్ పేరు చివర పీఎన్‌జీ అని మార్చేస్తే మాత్రం ఏమీ మారదు.

[స్క్రీన్: జింప్ అనే ఫోటో ఎడిటర్‌లో లోగో, వెనక బూడిద రంగు గళ్ళు.]

ఈ గళ్ళు కనిపిస్తే పారదర్శకత ఉన్నట్టే. లోగో తయారుచేసిన అసలు ఫైల్ ఉంటే, బ్యాక్‌గ్రౌండ్ లేకుండా అక్కడి నుంచే పీఎన్‌జీగా తీసుకోండి. అదే అన్నిటికన్నా మంచి దారి. లేకపోతే జింప్‌లో ఆల్ఫా ఛానెల్ చేర్చి, తెల్ల భాగాన్ని ఎంచుకుని డిలీట్ చేయాలి.

[స్క్రీన్: ఒక అక్షరం అంచు, 400 శాతం జూమ్.]

డిలీట్ చేశాక అంచు ఎలా ఉందో చూడండి. సన్నగా తెల్ల గీత మిగిలింది. అక్షరం నున్నగా కనిపించాలని అంచు పిక్సెల్స్‌లో నలుపూ తెలుపూ కలిపి ఉంచుతారు. మనం తీసింది పూర్తి తెలుపునే, కలిసిపోయిన తెలుపు అలాగే ఉండిపోయింది. ముదురు గోడ ముందు ఈ గీత మెరుస్తూ కనిపిస్తుంది. నల్ల అక్షరాలే ఉన్న లోగో అయితే, జింప్‌లోని కలర్ టు ఆల్ఫా ఆ కలిసిన తెలుపును కూడా తీసేస్తుంది. లోగో లోపల తెలుపు ఉంటే అదీ పోతుంది, జాగ్రత్త.

ఇక టైమ్‌లైన్, అంటే క్లిప్‌లు పేర్చే చోటు. షాట్‌కట్ కానీ, కెడెన్‌లైవ్ కానీ, మీకు అలవాటైన వీడియో ఎడిటర్ తెరవండి. వీడియో కింది ట్రాక్‌లో, లోగో పై ట్రాక్‌లో. బొమ్మ కొద్ది సెకన్ల క్లిప్‌గా వస్తుంది, దాని చివర పట్టుకుని వీడియో అయ్యేదాకా లాగండి.

ఇప్పుడు ఒపాసిటీ. ఆల్ఫా వెనకనున్న డబ్బాను తీసేసింది. లోగో మొత్తం ఎంత మసకగా కనిపించాలో చెప్పేది ఒపాసిటీ. ఈ రెండూ వేర్వేరు పనులు. నేను 40 శాతంతో మొదలుపెడతాను. 1920 పిక్సెల్స్ వెడల్పున్న వీడియోకి లోగో 200 పిక్సెల్స్ ఉంటే చాలు. పెద్ద బొమ్మ తెచ్చి చిన్నది చేయండి. చిన్నదాన్ని సాగదీస్తే మసకబారుతుంది. అంచుకు మరీ ఆనించకండి, కొన్ని టీవీలు చుట్టూ కొంచెం కోసేస్తాయి. పాత క్యాసెట్ నుంచి తీసిన వీడియోల్లో కింది అంచున అడ్డగీతలు వణుకుతుంటాయి, మూలలో తేదీ కూడా ఉండొచ్చు. దాన్ని కప్పొద్దు. ఆ తేదీ మళ్ళీ దొరకదు.

రంగు దగ్గర ఒక్క మాట. చాలా వీడియోల్లో వెలుగు ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది కానీ, రంగు నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒక్కటే ఉంటుంది. అందుకే సన్నటి ఎర్ర అక్షరాలు చెదిరినట్టు కనిపిస్తాయి. తెల్ల లోగో, చుట్టూ సన్నటి ముదురు నీడ, ఇది దాదాపు ఎక్కడైనా నిలుస్తుంది. బాగా ఎండ ఉన్న చోట, బాగా చీకటి ఉన్న చోట ఆపి చూడండి.

[దృశ్యం: ఎక్స్‌పోర్ట్ విండో.]

లోగో బొమ్మలో కలిసిపోవాలంటే వీడియో మళ్ళీ ఎన్‌కోడ్ కావాల్సిందే, అంటే కొత్తగా కుదించి రాయాల్సిందే, నాణ్యత కొంచెం తగ్గుతుంది. ఆ పని చేసే ఎక్స్264లో, నాణ్యతను చెప్పే సీఆర్ఎఫ్ అనే అంకె 18 పెడితే తేడా కంటికి తెలియడం కష్టం. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైల్ సైజు రెండూ పెరుగుతాయి.

ఒకసారి మా తాతగారు మాట్లాడుతున్న వీడియో మీద లోగో వేసి, చోటు చాలడం లేదని ఒరిజినల్ తీసేశాను. ఆయన చెయ్యి ఎత్తి చూపించిన చోటే లోగో ఉంది. వేళ్ళు సగమే కనిపిస్తాయి. ఇప్పుడు దాన్ని తీసే దారి లేదు. అందుకే ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు కొత్త ఫైల్ పేరు చివర "లోగోతో" అని చేర్చండి, ఒరిజినల్‌ను వేరే డిస్క్‌లో కూడా పెట్టండి.

[దృశ్యం: పాప మళ్ళీ నడుస్తోంది. మూలలో లోగో లీలగా ఉంది, దాని వెనక నేల గచ్చు కనిపిస్తోంది.]