చౌరస్తా బోర్డు, షార్ట్‌కట్ ఫైలు

(హనుమకొండలో కాలేజీ ల్యాబ్ సిబ్బంది కోసం పెట్టిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

చౌరస్తాలో వేయి స్తంభాల గుడికి బాణం గుర్తేసిన బోర్డు ఉందనుకోండి. దాన్ని పీక్కుని కరీంనగర్ పట్టుకుపోతే గుడి వెంట వస్తుందా? మా ల్యాబ్‌కు ఓ పిల్లవాడు ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీసుకుందామని పెన్‌డ్రైవ్‌తో వచ్చాడు. ఫైలు సైజు చూస్తే 2 కేబీ, ఐకాన్ మూలన చిన్న బాణం. అంటే వాడు తెచ్చింది ఉత్త షార్ట్‌కట్. వైవాకు గంటే టైముంది. అసలు రిపోర్టేమో జనగామలో, వాళ్ల అన్న కంప్యూటర్‌లో! వాడి టెన్షన్ చూడలేకపోయాం.

విండోస్ 95 నుంచి మనం చూస్తున్న ఈ షార్ట్‌కట్, అంటే ఎల్ఎన్‌కే ఫైలు, అసలు ఫైలుకు దారి రాసిపెట్టిన చీటీ. అంతే.

ల్యాబ్‌లో 40 సిస్టమ్‌లుంటే, షార్ట్‌కట్ పెట్టడానికి ఒక్కోదాని దగ్గరికెళ్లి రైట్‌క్లిక్ కొడుతూ పోతే పొద్దుగూకుతుంది. విండోస్‌కు ఆదేశాలు రాసిచ్చే పవర్‌షెల్‌లో నాలుగు లైన్లు చాలు. మొదట షార్ట్‌కట్‌లు తయారుచేసిపెట్టే డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ షెల్ ఆబ్జెక్ట్‌ను తెచ్చుకోవాలి. క్రియేట్‌షార్ట్‌కట్‌కు చీటీ ఎక్కడ పెట్టాలో చెప్పాలి, పేరు చివర డాట్ ఎల్ఎన్‌కే తప్పనిసరి. టార్గెట్‌పాత్‌లో అసలు ఫైలో, ఫోల్డరో ఇవ్వాలి. ఆఖరుకు సేవ్. పేరులో ‘క్రియేట్’ అని ఉన్నా, సేవ్ అనేదాకా డిస్కు మీద ఏమీ పడదు. ఎర్రక్షరాల ఎర్రర్ కూడా రాదు. ఆ ఒక్క లైను మరిచిపోయి నేను ఓ పూటంతా డెస్క్‌టాప్‌ను రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాను.

ఇదే పనికి ఇదివరకు వీబీస్క్రిప్ట్ అనే పాత స్క్రిప్టు భాష వాడేవాళ్లం. దాన్ని దశలవారీగా తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే చెప్పింది కాబట్టి కొత్తగా అందులో రాయకండి.

డెస్క్‌టాప్ దారిని మాత్రం చేత్తో టైపు చేయొద్దు. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజీ వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్ ఆ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మారిపోతుంది. అది ఎక్కడుందో గెట్‌ఫోల్డర్‌పాత్ అనే ఆదేశంతో విండోస్‌నే అడగండి.

ఇక మన తెలుగు తంటా. షార్ట్‌కట్‌కు ‘హాజరు’ అని పేరు పెట్టి చూడండి, చాలా సిస్టమ్‌లలో అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోయి సేవ్ మొరాయిస్తుంది. ఈ డబ్ల్యూస్క్రిప్ట్ ఆబ్జెక్ట్ పాతకాలపుది, అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్ దానికి ఒంటపట్టలేదు. అందుకని ముందు ఇంగ్లిషు అక్షరాల పేరుతో సేవ్ చేసి, తర్వాతి లైనులో రీనేమ్ చేయాలి. స్క్రిప్టును కూడా నోట్‌ప్యాడ్‌లో ‘యూటీఎఫ్-8 విత్ బామ్’గా (ఇది యూనికోడ్ అని ఫైలు మొదట్లోనే గుర్తుండే రకంగా) సేవ్ చేయండి. లేకపోతే పవర్‌షెల్ 5.1 మన ‘హాజరు’ను పిచ్చిగీతలుగా చదువుతుంది.

సార్, ఆ ప్రొజెక్టర్ ఆన్ చేయండి. సేవ్ లైను తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి రన్ చేద్దాం.