ఎనిమిదో రోజున వేసిన మూడు బల్లలు

అందరికీ నమస్కారం. బడి సమాజానికి ఏం చేసిపెడుతుందన్న ప్రశ్నకు సామాజిక శాస్త్రంలో జవాబులు చాలానే ఉన్నాయి. వాటిని వరసగా అప్పజెప్పే పని పరీక్ష గైడ్లు చేస్తూనే ఉన్నాయి. మనం ఒక్క తరగతి గదిని మధ్యలో పెట్టుకుని, ఏ సిద్ధాంతం అక్కడ ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ముందు అమెరికా సామాజిక శాస్త్రవేత్త టాల్కాట్ పార్సన్స్. ఇంట్లో పిల్లవాడు ఎలా చదివినా మనవాడే. వాడిని బట్టి కొలత మారుతుంది. బడిలో అందరికీ ఒకే కొలబద్ద: ఒకే వయసు, ఒకే పని, ఒకే టీచరు. పెద్దయ్యాక చేరబోయే లోకమూ ఇలాగే కొలుస్తుంది గనక, ఇంటికీ లోకానికీ మధ్య బడి వంతెన అని 1959లో రాశాడు. ఎవరు ఏ కొలువుకు వెళ్లాలో వేరుచేసే జల్లెడ కూడా అదేనన్నాడు. సమాజంలో ప్రతి వ్యవస్థా ఏదో ఒక పని చేసిపెడుతుందని చూసే ఈ ధోరణిని ప్రకార్యవాదం అంటారు. దీనికి మూలపురుషుడు ఫ్రాన్సుకు చెందిన ఎమిల్ దుర్కైమ్. పార్సన్స్ వాదనలో ఒక షరతు దాక్కుని ఉంది: పందెం అందరికీ ఒకే గీత దగ్గర మొదలవ్వాలి.

ఆ గీత ఎక్కడ పడిందో రే రిస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త తరగతి గదిలో కూర్చుని చూశాడు. 1970లో అచ్చయిన అతని అధ్యయనం అమెరికాలో నల్లజాతి పిల్లలు చదివే బడిది. టీచరూ నల్లజాతి ఆవిడే. కిండర్‌గార్టెన్ మొదలైన ఎనిమిదో రోజున ఆవిడ పిల్లలను మూడు బల్లలకు పంచేసింది. అప్పటికి చదువు పరీక్ష ఏదీ పెట్టలేదు. ఆవిడ చేతిలో ఉన్నవి చేరిక ఫారాలు, తల్లులతో మాట్లాడినప్పుడు తెలిసిన సంగతులు, ప్రభుత్వ సాయం అందుకునే కుటుంబాల వివరాలు, ఈ పిల్లల అన్నలూ అక్కలూ ఎలా చదివారన్న తోటి టీచర్ల మాటలు. శుభ్రమైన బట్టలతో, బడి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఆవిడకు దగ్గరగా మొదటి బల్లకు వచ్చారు. మాసిన బట్టలవాళ్లు వెనక్కి. బోర్డు మీద రాతంతా మొదటి బల్ల ఎదురుగానే.

ఒకటో తరగతిలో టీచరు మారింది. అయినా అక్కడి పై బల్లకు వెనక బల్లల నుంచి ఒక్కరూ చేరలేదు. రెండో తరగతిలో గుంపులకు పేర్లు పెట్టారు: పులులు, కార్డినల్ పిట్టలు, బఫూన్లు. ఇప్పుడు ఆధారం రీడింగ్ మార్కులు. అంటే కంటిచూపుతో వేసిన అంచనా రెండేళ్లలో అంకెగా మారింది. రిజిస్టరు మాత్రమే చూసేవాళ్లకు అది ప్రతిభ. ఒక్క బడి మీద చేసిన పరిశీలన కాబట్టి ఇది ఎంత విస్తృతమో దీన్ని బట్టి చెప్పలేం. ఎలా జరుగుతుందో మాత్రం ఇంత దగ్గరగా చూపినవి అరుదు.

ఆ టీచరుకు ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. ఇక్కడే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియెర్ బోర్దియూ పనికొస్తాడు. మాటతీరు, పుస్తకాలతో చనువు, పెద్దల ముందు బెదరకపోవడం లాంటివి ఇంటి నుంచి వచ్చే ఆస్తి. సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. బడి దాన్ని నేర్పదు, కానీ మార్కులు మాత్రం దానికి వేస్తుంది. వారసత్వం తెలివిగా చెలామణీ అయిపోతుంది.

పిల్లల మాటతీరుకూ వర్గానికీ ఉన్న సంబంధాన్ని చూసిన ఇంగ్లండు సామాజిక శాస్త్రవేత్త బేసిల్ బెర్న్‌స్టీన్ సంప్రదాయంలో జానెట్ హాలండ్ ఇంగ్లండులో చేసిన పని దీన్ని ఇంకా సన్నగా చూపిస్తుంది. ఏడేళ్ల పిల్లల ముందు తిండి పదార్థాల బొమ్మలు పరిచి, కలిసేవాటిని ఒకచోట పెట్టమన్నారు. మధ్యతరగతి పిల్లల్లో ఎక్కువమంది 'ఇవి కూరగాయలు, ఇవి సముద్రంలోవి' అన్నారు. కార్మికుల పిల్లల్లో ఎక్కువమంది 'పొద్దున మేం తినేవి, అమ్మ వండేవి' అన్నారు. మళ్లీ ఇంకోలా పెట్టమంటే మధ్యతరగతి పిల్లల్లో చాలామంది ఇంటి లెక్కకు మారిపోయారు. అంటే ఆ లెక్క వాళ్లకూ తెలుసు. అడిగింది బడి ప్రశ్న అని ముందే పసిగట్టారు. ఈ పసిగట్టడం ఏ సిలబస్‌లోనూ లేదు.

అమెరికా ఆర్థికవేత్తలు బౌల్స్, గింటిస్ 1976లో ఇంకా ముందుకెళ్లారు: గంట, హాజరు, మార్కులు, పైవాడి మాట వినడం, ఇవన్నీ ఫ్యాక్టరీకి అచ్చుగుద్దినట్టు సరిపోతాయన్నారు. మాట బలమైందే, కానీ పిల్లలు మైనపు ముద్దలు కారు. మరుసటి ఏడాదే పాల్ విల్లిస్ వర్ణించిన పన్నెండుమంది ఇంగ్లండు కుర్రాళ్లు బడిని ఎగతాళి చేశారు, ఎగ్గొట్టారు. చివరికి తేలింది అదే ఫ్యాక్టరీలో. లొంగి కాదు, ఎదురుతిరిగి.

ఇంతా చెప్పి నేరమంతా బడి మీదే వేస్తే అన్యాయం. బార్బరా హైన్స్ 1978లో అట్లాంటా పిల్లల మార్కులను బడి రోజులు, వేసవి సెలవులు అని విడదీసి చూస్తే, పేద పిల్లలు వెనకబడింది ఎక్కువగా సెలవుల్లోనే అని తేలింది. దీని మీద వాదన ఇంకా నడుస్తోంది. కొలిచే పరీక్ష మారితే ఫలితమూ మారుతోంది.

మీలో పాఠం చెప్పేవాళ్లు ఉంటే, మీ గదిలోనూ ఇలాంటి బల్లలు ఉన్నాయేమో చూసుకోవడానికి ఒక పని చేయవచ్చు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని మేరీ బడ్ రో 1974లో చూపింది. మీ తోటి టీచరును వెనక కూర్చోబెట్టి నాలుగు గళ్లు రాయమనండి: ఎవరిని అడిగారు, ఆ పిల్లలు ఎక్కడ కూర్చున్నారు, మీరు ఎన్ని సెకన్లు ఆగారు, తప్పు చెబితే ఇంకో అవకాశం ఇచ్చారా. ఒక్క పీరియడ్ చాలదు, ఆ రోజు మీరు జాగ్రత్తపడతారు. అయిదారు పీరియడ్లు కావాలి. చేతులెత్తినవాళ్లనే అడిగితే లెక్క పాడవుతుంది. హాజరు పట్టీ నుంచి పేర్లు తీసి అడగండి.