ఇన్‌స్టాల్ చేసి పంపేస్తే సరిపోదు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకనో, ప్రాసెసర్ పాతదయ్యో విండోస్ 11కు నోచుకోని కంప్యూటర్లు ఎన్నో! వాటిలో చాలావరకు నిక్షేపంగా పనిచేస్తున్నవే. పారేసే ముందు ఒకసారి మీ దగ్గర్లోని లైనక్స్ యూజర్ గ్రూపుకు తీసుకెళ్లండి. విండోస్‌కు బదులు పెట్టుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌ను వాడుతూ, కొత్తవాళ్లకు సాయం చేసేవాళ్ల బృందమది.

ఈ గ్రూపులు అవసరంలోంచి పుట్టాయి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ కెర్నల్‌ను, అంటే ఆ సిస్టమ్ గుండెకాయను, బయటపెట్టాడు. 1993లో స్లాక్‌వేర్ అనే డిస్ట్రిబ్యూషన్ (కెర్నల్‌కు మిగతా ప్రోగ్రాములు జోడించి ఇచ్చే లైనక్స్ రూపం) తొలి విడుదల వచ్చేసరికి అది 24 ఫ్లాపీలు! మోడెమ్ మీద అంతా దించుకుని, చివరి ఫ్లాపీ చదవనని మొరాయిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. తెలిసినవాళ్లు పక్కనుంటే సగం బాధ తప్పేది. ఇప్పుడు ఒక పెన్‌డ్రైవ్ చాలు. ఇక గ్రూపుతో పనేమిటని అడుగుతారు. పనంతా అక్కడే ఉందంటాను నేను.

వచ్చినవాళ్ల కంప్యూటర్లలో గ్రూపు లైనక్స్ ఎక్కించిపెట్టే ఇన్‌స్టాల్‌ఫెస్ట్‌లో అనుభవం ఉన్న మనిషి మీ ల్యాప్‌టాప్‌ను ముట్టుకునే ముందే అడుగుతారు: ఫైళ్ల కాపీ వేరేచోట ఉందా? బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకున్నారా? విండోస్‌ను కూడా ఉంచుకోవాలంటే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయమంటారు. అది పనిచేస్తుంటే, షట్‌డౌన్ చేశామని మనమనుకున్నా విండోస్ పూర్తిగా ఆగదు. ఆ స్థితిలో దాని పార్టిషన్‌లో (డిస్కులో దానికి కేటాయించిన భాగంలో) లైనక్స్ నుంచి ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవచ్చు. తర్వాత ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వైఫై, సౌండు, కెమెరా చూస్తారు. మూత వేసి తెరిచాక మేలుకుంటుందో లేదో కూడా చూస్తారు. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు డ్రైవర్ విడిగా దించాలి. దించడానికేమో వైఫై లేదాయె! ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి దాని ఇంటర్నెట్ వాడుకోమని పక్కనున్నవాళ్లే చెబుతారు. ఇంట్లో ఒక్కరే కూర్చుంటే ఈ చిన్న కిటుకు తట్టక రాత్రంతా గడిచిపోతుంది.

ఇక గ్రూపుల వాళ్లకు రెండు మాటలు. ప్రింటర్ పనిచేయడం లేదని వచ్చిన మనిషి ముందు టెక్స్ట్ ఎడిటర్లలో వీఐ గొప్పా, ఈమాక్స్ గొప్పా అని గంటసేపు కొట్టుకోకండి. ఆ వాదనలంటే నాకూ సరదాయే, కానీ ఆ మనిషి మళ్లీ రారు. కొత్తవాళ్ల మీద మీ ప్రయోగాలూ వద్దు. గ్రూపులో ఎక్కువమంది వాడే డిస్ట్రిబ్యూషనే పెట్టండి, రేపు సాయం అడిగితే జవాబు చెప్పేవాళ్లుంటారు. కీబోర్డు లాక్కోకండి, వాళ్లనే టైప్ చేయనివ్వండి, ఆలస్యమైనా సరే.

అసలు చిక్కులు ఇంటికెళ్లాక మొదలవుతాయి. అందుకే ప్రతి సమావేశంలో మొదటి అరగంట పోయినసారి ఇన్‌స్టాల్ చేయించుకున్నవాళ్లకే కేటాయించండి. ఉపన్యాసం ఆ తర్వాత పెట్టుకోవచ్చు.