బీప్ అనగానే బ్యాటరీ కొనకండి

అందరికీ నమస్కారం. ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్పేస్తాను. ఒక రాత్రి మా ఇంటి దొంగల అలారం ప్యానెల్ (సెన్సార్లను, సైరన్‌ను నడిపే పెట్టె) బీప్, బీప్ అని మొదలుపెట్టింది. తెర మీద ‘లో బ్యాటరీ’ అని కనబడింది. పొద్దున్నే కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాను, పాతదాన్ని రీసైక్లింగ్‌కు ఇచ్చేశాను. రెండు రోజులు తిరక్కుండానే మళ్ళీ అదే బీప్. పక్కనే, ప్యానెల్‌కు కరెంటు వస్తోందని చూపే దీపం ఆరిపోయి ఉంది, దానివైపు చూస్తే కదా!

అసలు చచ్చిపోయింది గోడకు గుచ్చిన అడాప్టర్. దాన్నుంచి సరఫరా ఆగిపోతే ప్యానెల్ బ్యాటరీ మీద బతుకుతుంది. 7 ఆంపియర్ అవర్ల (నిల్వ సామర్థ్యం) బ్యాటరీ ఒకటి రెండు రోజులు మోస్తుంది, ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. ప్యానెల్ మాత్రం ఆ చేతులెత్తేసినదాని పేరే చెబుతుంది. అందుకే వెతకడం గోడ దగ్గర మొదలుపెట్టాలి.

మీ అలారాన్ని దూరం నుంచి గమనించే పర్యవేక్షణ సంస్థకు కనెక్షన్ ఉంటే ముందు ఫోన్ చేసి టెస్ట్ మోడ్‌లో (వచ్చే సిగ్నళ్ళను వాళ్ళు పట్టించుకోకుండా) పెట్టించండి. లేదంటే పెట్టె మూత తీయగానే వాళ్ళకు అలారం సిగ్నల్ వెళ్లొచ్చు, ఆపై ఇంట్లోవాళ్ల టెన్షన్.

ప్లగ్ పాయింట్‌లో కరెంటుందా అన్నది వేరే పరికరం పెట్టి చూడండి. ఆ పాయింట్‌కు స్విచ్ ఉంటే ఎవరైనా ఆపేశారేమో కూడా చూడండి, నవ్వకండి, ఇది జరుగుతుంది. తర్వాత అడాప్టర్ మీద రాసింది చదవండి. చాలా పాత ప్యానెళ్ళకు 16.5 వోల్టుల ఏసీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాన్ని మల్టీమీటర్‌లో డీసీ పెట్టి కొలిస్తే సున్నా చూపిస్తుంది, బాగున్నదాన్ని పాడైందని పారేస్తాం. ప్యానెల్ వైర్లు ఊడదీసి కొలిస్తే రాసినంతో, కాస్త ఎక్కువో రావాలి. ఏమీ రాకపోతే అడాప్టర్ పోయినట్టే. విడిగా బాగానే వచ్చి, ప్యానెల్‌కు తగిలించగానే బాగా పడిపోతే తొందరపడకండి. సైరన్, సెన్సార్ల వైర్లు ఒక్కొక్కటే తీసి చూడండి. ఎక్కడో షార్ట్ ఉంటే కొత్త అడాప్టర్‌ను కూడా అది మింగేస్తుంది.

కొత్తది కొనేటప్పుడు వోల్టులు అంతే ఉండాలి, ఏసీకి ఏసీయే, డీసీకి డీసీయే. వీఏ (వోల్ట్-ఆంపియర్లు, అంటే అడాప్టర్ మోయగల లోడు) లేదా ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువైతే వేడెక్కి చస్తుంది. ఏసీ అయితే రెండు వైర్లలో ఏది ఎటు పెట్టినా ఫర్వాలేదు. డీసీలో ప్లస్, మైనస్ తారుమారైతే బోర్డు కాలొచ్చు. మార్చేముందు ప్లగ్ తీసి, బ్యాటరీ వైరు కూడా ఊడదీయండి. బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మీదకు స్క్రూడ్రైవర్ జారితే నిప్పురవ్వలు ఖాయం.

బిగించాక బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర కొలిస్తే, ఛార్జయ్యేకొద్దీ 13.6–13.8 వోల్టుల దగ్గరికి చేరాలి. అడుగంటా ఖాళీ అయిన బ్యాటరీ ఒక్కోసారి ఇక కోలుకోదు. ఒక రోజు ఛార్జ్ కానిచ్చి, అడాప్టర్ పీకి ఓ గంట చూడండి. ప్యానెల్ నడుస్తూ ఉంటే, అప్పుడు టెస్ట్ మోడ్ తీసేయమని మళ్ళీ ఫోన్ చేయడం మర్చిపోకండి. నేను మర్చిపోయాను.